ఇంజన్ విప్పిద్దామని పోయిన రోజు

మా అమ్మకు కారు వేగంగా పోవడం ఇష్టం. నా దగ్గరికి పళ్ళు చూపించుకోవడానికి వచ్చేవాళ్ళెవరికైనా ఈ మాట చెబితే నమ్మరు. వాళ్ళకు తెలిసిన అమ్మ తెల్లచీర కట్టుకుని, ఒళ్ళో బైబిల్ సంచి పెట్టుకుని క్లినిక్ వరండాలో కూర్చునే మనిషి. అదే మనిషి చాగలమర్రి దాటాక రోడ్డు ఖాళీగా కనిపించిందంటే, "ఇంకొంచెం తొక్కు పాపా, ఏమయితాది" అంటుంది. నెలకు రెండు ఆదివారాలు కడప నుంచి బనగానపల్లె దగ్గరున్న ఆమె పుట్టినూరి చర్చికి తీసుకుపోతాను. ఆ రెండు రోజులూ మా ఇద్దరికీ పండగే.

కారు నా సంపాదనతో కొన్నాను. కొన్న మొదటి ఆదివారమే ఆ చర్చికి తీసుకుపోయాను, మా వాళ్ళలో ప్రార్థన చేయించకుండా కొత్త బండి ఎవరూ వాడరు. కడప నుంచి ఆగకుండా తోలుకుపోయి చెట్టుకింద ఆపగానే పాస్టర్ అయ్యగారు వచ్చి, కళ్ళు మూసుకుని, బానెట్ మీద చెయ్యి పెట్టి, పెట్టినంత వేగంగా తీసేశారు. అంత కాగి ఉంది అది. ప్రార్థనంతా చెయ్యి జానెడు ఎత్తులో గాల్లో ఉంచే ముగించారు. అమ్మ ఆమెన్ అంటూనే నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

కంపెనీ ఇచ్చిన బలం నూటెనభై హార్స్ పవర్. ఒక మనిషికి అది చాలదా అంటే చాలు. కానీ నాకు చాలలేదు. బెంగుళూరులో ట్యూనింగ్ చేసే ఒకతని దగ్గరికి తీసుకుపోయి రెండొందల అరవై చేయించాను. అప్పుడే అతను గాలి పీల్చే నల్ల ప్లాస్టిక్ డబ్బా తీసేసి, దాని స్థానంలో దూదిగుడ్డతో చేసిన గరాటు లాంటి ఫిల్టర్ ఒకటి బిగించాడు. డబ్బా లేని ఆ ఫిల్టర్‌తో కారుకు కొత్త గొంతు వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే బుస కొట్టేది, వదిలితే సన్నగా ఈల వేసేది. ఆ ఈల కోసం నేను అవసరం లేకపోయినా తొక్కి వదిలేదాన్ని. నేను వదిలినప్పుడల్లా అమ్మ ఎదురుగా ఉన్న డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించేది. జడుపుతో పట్టుకుంటుందేమో అనుకున్నాను. తొక్కమనేదీ ఆమే, పట్టుకునేదీ ఆమేనని ఎగతాళి చేసేదాన్ని కూడా.

మూడేళ్ళకు రెండొందల అరవై కూడా పాతబడిపోయింది. మూడొందల యాభై కావాలని మనసు లాగింది. బెంగుళూరు అతను ఫోన్లో సూటిగా చెప్పాడు.

"చేయొచ్చు మేడం. కానీ లోపలి సామాను మార్చాల్సిందే. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు కంపెనీవి పోతపోసినవి. ఒత్తి చేసిన గట్టివి వేయాలి. నిజం చెప్పాలంటే ఇప్పుడున్న బలాన్ని కూడా ఆ పాత రాడ్లు మోయొచ్చు, మోయకపోవచ్చు."

ఆ చివరిమాట నన్ను పట్టుకుంది. రాడ్డు విరిగితే ఇంజన్ గోడను పొడుచుకుని బయటికి వస్తుంది, కాగుతున్న ఆయిల్ చక్రాల కింద పడుతుంది. అంత వేగంలో పక్క సీట్లో అమ్మ ఉంటే? పోనీ ముందే విప్పించి మార్పిద్దామా అంటే, ఫ్యాక్టరీలో బిగించిన ఇంజన్‌ను ఒకసారి విప్పితే అది మళ్ళీ ఆ ఇంజన్ కాదు. ఎవరి చేతిలో బిగిస్తే వాళ్ళ చెయ్యంత మంచిది అవుతుంది, అంతే. పదిహేను రోజులు ఎటూ తేల్చుకోలేక, అమ్మను చర్చికి బస్సులో పంపించాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

చివరికి ఎర్రగుంట్ల మేస్త్రీ గుర్తొచ్చాడు. రైలు గేటు దగ్గర రేకుల షెడ్డులో సిమెంటు లారీల ఇంజన్లు విప్పి బిగించడం ఆయన పని. ఆయన పైవరస పళ్ళ సెట్టు నేను చేసిందే. ఆయన నవ్వితే నా పనితనం నాకే కనిపిస్తుంది. శనివారం పొద్దున బయలుదేరితే అమ్మ ముందే వచ్చి సీట్లో కూర్చుంది. ఎర్రగుంట్ల అంటే ఆమెకు వేరే లెక్క. మా నాయన బతికినన్నాళ్ళూ అక్కడి బండల పాలిష్ ఫ్యాక్టరీలోనే పనిచేశాడు. నేను కాలేజీలో ఉండగానే ఊపిరితిత్తులు చెడి పోయాడు.

మేస్త్రీ అమ్మకు కుర్చీ తుడిచి వేశాడు. నేను చెప్పిందంతా విన్నాడు. మూడొందల యాభై అన్నప్పుడు కనుబొమ్మలు ఎత్తాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజన్‌కు, పిడి చెవి వెనకాల ఎముకకు ఆనించి చాలాసేపు విన్నాడు. ఎముక ద్వారా శబ్దం ఎంత బాగా వినిపిస్తుందో నేను పుస్తకాల్లో చదువుకున్నాను. ఆయన్ను చూస్తే చదివినవాళ్ళం మేము కాదేమో అనిపించింది.

తరవాత నా రెండు చేతులూ చాపమన్నాడు. ఒకదాంట్లో లారీ పిస్టన్ పెట్టాడు, చెయ్యి కిందికి వంగింది. ఇంకోదాంట్లో కారు పిస్టన్ పెట్టాడు. అది మా ఇంట్లో కాఫీ గ్లాసు కంటే కొంచెం బరువు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే డాక్టరమ్మా. నువ్వు గట్టిగా తొక్కినప్పుడు ఇది సెకనుకు వందసార్లు పైకి పోతాది, వందసార్లు కిందికొస్తాది. పోయినప్పుడల్లా పైన ఒకతూరి నిలబడాల, కింద ఒకతూరి నిలబడాల. నెత్తిన మంట మండుతాంటాది. దీన్ని ఈ రాడ్డు పట్టుకొని ఉంటాది." చిటికెనవేలంత సన్నగా ఉన్న రాడ్డు నడుమును చూపించాడు.

నేను ఆ గ్లాసంత వస్తువును అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఒక సెకను అంటే నేను రెప్పవేసి తీసేంత. ఆ రెప్పపాటులో వందసార్లు పైకి, వందసార్లు కిందికి, మధ్యలో రెండొందలసార్లు పూర్తిగా ఆగడం. మూడేళ్ళుగా ఇవి నాలుగు నా పాదం కింద ఇదే చేస్తున్నాయి, నేనేమో ఈల బాగుందని సంబరపడుతున్నాను. చర్చిలో మోకరించినప్పుడు కూడా నాకు అంత భయభక్తులు కలిగిన సందర్భాలు తక్కువ. అమ్మ ముందు ఆ మాట అనలేదు.

మేస్త్రీ ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లలోనూ గాలి ఒత్తిడి కొలిచాడు. నాలుగూ సమానంగా ఉన్నాయి. ఆ తరవాత ఫోనుకు తగిలించే సన్నటి కెమెరా తీగను ప్లగ్గు రంధ్రంలోంచి లోపలికి దించాడు. నోట్లోకి కెమెరా పెట్టి చూడడం నా రోజువారీ పని. కానీ ఆ తెర మీద కనిపించింది చూసి నోరు తెరిచాను. సిలిండర్ గోడ నిండా ఏటవాలుగా, ఎదురెదురుగా గీసిన సన్నటి గీతలు, గళ్ళ చీర నేతలాగా. ఫ్యాక్టరీలో ఆయిల్ పట్టుకోవడానికి గీస్తారట. ఇన్ని వేల కిలోమీటర్ల మంట తరవాత కూడా ఆ నేత చెదరలేదు. ఎవరో ఎక్కడో, ఎప్పటికీ ఎవరూ చూడని గోడ మీద అంత శ్రద్ధగా పనిచేశారు.

"బాగుండాది గదా మేస్త్రీ?" అన్నాను. ఆయన ముందు నా నోట కూడా ఆ యాసే వస్తుంది.

ఆయన కెమెరాను తిప్పి ఒకచోట ఆపాడు. ఆ నేత మీద ఏటవాలుగా కాకుండా నిట్టనిలువుగా కొన్ని గీతలున్నాయి. రెండో సిలిండర్లోనూ ఉన్నాయి, మూడోదాంట్లోనూ.

"ఇవి ఫ్యాక్టరీవి గాదు," అన్నాడు. లేచి ఆ దూదిగుడ్డ ఫిల్టర్ విప్పి, దాని వెనకున్న గొట్టంలోకి వేలు పెట్టి తుడిచి నాకు చూపించాడు. వేలు మీద ముఖానికి పూసుకునే పౌడరంత మెత్తటి తెల్లటి దుమ్ము. "ఈ ఫిల్టరుకు గాలి కొట్టిస్తాండావా?"

"ప్రతివారం," అన్నాను గర్వంగా. టైర్లలో గాలి పట్టించేటప్పుడు పంక్చర్ షాపులో అదే పైపుతో ఫిల్టర్‌ను కూడా బాగా దులిపించేదాన్ని. ట్రాక్టరైనా లారీ అయినా మా వైపు అందరూ చేసేది అదే. బండిని శుభ్రంగా చూసుకోవడం అంటే మాకు అదే.

"పేపరు ఫిల్టరయితే సరే. ఇది నూనె తడి మీద బతికే గుడ్డ డాక్టరమ్మా. ఆ తడికే దుమ్ము అంటుకుంటాది. గాలి కొట్టీ కొట్టీ దీన్ని ఎండబెట్టినావు, సందులు పెద్దవి జేసినావు. ఈడ మనది మామూలు గాలా? బండల దుమ్ము, సిమెంటు దుమ్ము. మూడేండ్లుగా అదే పీలుస్తాండాది."

నాకు కోపం వచ్చింది. తప్పు నాదైతే నాకు ముందు కోపమే వస్తుంది. "సరే, అయితే ఎట్లాగూ విప్పాల్సిందే కదా. గట్టి పిస్టన్లు వేసేయండి," అన్నాను.

"గట్టివి బలానికి గట్టివి. దుమ్ముకు అవీ ఇవీ ఒకటే."

అప్పుడు అమ్మ కుర్చీలోంచి లేచింది. మేస్త్రీ చేతిలోంచి ఆ ఫిల్టర్ తీసుకుంది. వేళ్ళతో గుడ్డను నలిపి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ బండల దుమ్ము వాసన ఆమెకు తెలుసు.

"తడి ఆరిపోయినాక గుడ్డ యాలప్పా, ఏం లాబం?" అంది, మేస్త్రీని చూసి. తరవాత నా వైపు తిరిగింది. "మీ నాయనకు దినామూ పొద్దున్నే తువ్వాలు తడిపి ముక్కుకు కడతాంటి. మద్యాన్నం సద్ది తీసకపోయి మళ్ళా తడుపుతాంటి. నీ చదువుకని నేను కడపలో పనికి జేరినాక తడిపేవాళ్ళు లేరు. ఎండిపోతే ఏం జేస్తాండెనంటే, ఒకతూరి కంబానికేసి దులిపి, మళ్ళా అదే కట్టుకుంటాండె. శుబ్రమయిందిలే అనుకుంటాండె."

బయట గేటు పడి లారీలు ఆగినట్టున్నాయి, హారన్లు వినిపిస్తున్నాయి. డాక్టర్లు మా నాయన ఎక్స్‌రే చూపించిన రోజు నాకు గుర్తుంది. ఆ తెల్లటి మరకలు ఎలా వచ్చాయో వాళ్ళు చెప్పిందంతా నాకు అర్థమయింది. కానీ దులిపి కట్టుకునేవాడని నాకు ఆ రోజుదాకా తెలియదు. అదే పని, అంతే నమ్మకంతో, మూడేళ్ళు నేనూ చేశాను. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఇంకోటి వచ్చింది, దాన్ని ఆశ్చర్యం అనాలో ఏమనాలో తెలియలేదు. ఆ మనిషి ఊపిరితిత్తులు కూడా నిమిషానికి ఇన్నిసార్లని, ఎవరూ విప్పి చూడకుండానే, నా ఫీజులు కట్టినన్నాళ్ళూ ఆగకుండా పనిచేశాయి.

"ఇప్పుడేం చెయ్యమంటారు?" అని అడిగాను మేస్త్రీని. నా గొంతులో కోపం లేదు.

"విప్పమంటే విప్తా, నాకు పనే గదా. కానీ గీతలు పైపైనే ఉండాయి, ఒత్తిడి బాగుండాది. ఊపిరి సరిజేసి బలం కొంచెం దించితే ఆ రాడ్లకేం కాదు, శానా కాలం నడుస్తాది. కంపెనీ డబ్బా ఉంటే తెచ్చి బిగించు."

గట్టిగా ఉన్న పన్ను ఎప్పుడో చెడుతుందని ఇప్పుడే పీకమని అడిగేవాళ్ళను నేను వారానికి ఒకరినైనా కసిరి పంపిస్తాను. ఆ రోజు ఆ పేషెంటు కుర్చీలో కూర్చున్నది నేను. అక్కడినుంచే బెంగుళూరుకు ఫోన్ చేసి పిస్టన్లు వద్దని, బలం కంపెనీ ఇచ్చినంతకే దించమని చెప్పాను. అతను చాలా నొచ్చుకున్నాడు.

"ఆ డబ్బా ఎప్పుడో పారేసుంటాం," అన్నాను తిరుగుదారిలో.

"అటక మీద ఉండాది. పాత చీర చుట్టి పెట్టినా," అంది అమ్మ.

రెండు వారాల తరవాత ఆదివారం, కొత్త పేపర్ ఫిల్టర్‌తో, ఆ నల్ల డబ్బాతో బయలుదేరాం. చాగలమర్రి దాటాక రోడ్డు ఖాళీగా కనిపించింది. అడక్కముందే తొక్కాను, వదిలాను. ఈల రాలేదు. లోపల అవి నాలుగూ చప్పుడు లేకుండా పరిగెత్తుతున్నాయి. నా పాదానికి ఆ సంగతి తెలుస్తూనే ఉంది. పక్కకు చూశాను. అమ్మ రెండు చేతులూ బైబిల్ సంచి మీదే ఉన్నాయి.

"ఈ రోజు పట్టుకోలేదే? జడుపు పోయిందా?"

"జడుపెవరికి?" అంది. "మీ నాయన పండుకుంటే ఎదలోంచి అట్లనే ఈల వస్తాండె. చెయ్యి పెడితే కొంచేపు తగ్గుతాండె. ఆ అలవాటు."

మూడేళ్ళు, ప్రతి ప్రయాణంలోనూ, నేను సరదాకు ఆ ఈల వేయించాను. వేయించినప్పుడల్లా ఆమె చెయ్యి పెట్టింది, ఒక్కసారి కూడా ఆపమనలేదు. నేను పాదం పూర్తిగా తీసేశాను. కారు దానంతటదే నెమ్మదించింది. కళ్ళు తుడుచుకుంటుంటే అమ్మ నా మోకాలు తట్టింది.

"యాల నిదానం జేసినావు? తొక్కు పాపా, ఆరాధన మొదలుపెట్టేస్తారు."