నన్ను బయటికి పంపాక కాగిన కొలిమి

ఉదయగిరికి దగ్గర్లోని మా ఊళ్లో ఒకటే కొలిమి. వానలు ఎగ్గొట్టిన ఏళ్ల తరువాత ఒక మంచి వాన పడింది. నా నాగలి కర్రు మొన అరిగిపోయి ఉంది. కాల్చి సాగగొట్టించనిదే దుక్కి నడవదు. నేలలో తడి ఆరేలోగా విత్తనం పడకపోతే ఆ ఏడూ మాకు తిండి లేనట్టే.

కొలిమి తిత్తి చిరిగిపోతే కమ్మరి ఆత్మకూరు నుంచి తోలు తెప్పించి కొత్తగా కుట్టించాడు. తోలు మైల పోవాలని అతని భార్య కొలిమినంతా పేడతో అలికి పసుపు బొట్లు పెట్టింది. తీరా నా కర్రు నిప్పుల్లో పెడితే ఎంత ఊదినా ఎర్రబడదు. తిత్తి నిండుగానే ఉబ్బుతోంది. నిప్పు మాత్రం మసక మసకగా ఉంది.

"బొగ్గులు తడిసినాయేమో ఆచారీ," అన్నాను.

"నా బొగ్గులకేం? ఎండలో పోసి తెచ్చినాను," అన్నాడు.

గాలి పోతోందేమోనని తిత్తి కుట్ల మీద నీళ్లు చల్లి చూశాడు. ఎక్కడా బుడగ లేవలేదు. తన కర్రుతో వచ్చి కూర్చున్న మా పక్కచేను మామ నవ్వాడు.

"ఏంది ఆచారీ, గంజి కాస్తా ఉండావా?"

ఆ కోపం కమ్మరి నా మీద తీర్చుకున్నాడు. "ఈయన చెప్పులతో లోపలికొచ్చినాడు. కొలిమి అలిగినాది. పోయి బయట నిలబడు!"

"కుట్టించింది నువ్వు, తప్పు నా చెప్పులదా?"

"పో అబ్బయా, అవతల తడి ఆరిపోతా ఉండాది," అంటూ మామ నన్ను భుజం పట్టి నెట్టాడు. నవ్వుతూనే నెట్టాడు. ఆ నవ్వును నేనింతవరకూ మరిచిపోలేదు.

వీధిలోంచి చూస్తున్నాను. కమ్మరి భార్య తిత్తి నుంచి నిప్పులోకి పోయే గాలి గొట్టం మూతికి అంటిన పేడ పెళ్లను పుల్లతో గీకింది. కమ్మరి వేరే బొగ్గులు పోసి టెంకాయ కొట్టాడు. మళ్లీ ఊదగానే మంట భగ్గుమని లేచింది.

"చూసినావా!" అన్నారు కమ్మరీ మామా ఒక్కసారే.

"ఆ పేడ..." అన్నాను. వినేవాళ్లు లేరు. గీకినావిడ కూడా నా కాళ్ల వైపే చూసింది.

దున్నుతున్నంతసేపూ అదే ఆలోచన. పేడే అడ్డమైతే మొదట ఆ మాత్రం నిప్పయినా ఎలా రాజుకుంది? బొగ్గులదే తప్పయితే కమ్మరి ఎందుకు ఒప్పుకోడు? చెప్పులదే అయితే మామ కాళ్లకున్నవేమిటి? ఎటు తిప్పినా తెగలేదు. కొండాపురం సంతలో ఒకాయనకు చెబితే, "నీవెందుకు లోపలికి పోయినావు?" అని ఎదురడిగాడు.

మళ్లీ వాన పడ్డప్పుడు కర్రు లోపలికి అందించి, ఎవరూ అనకముందే వీధిలో ఆగిపోయాను. ఎందుకాగానో నాకే తెలియదు. చేను తడి మీద ఉంది. లోపలికి తొంగి చూడటానికి కూడా ధైర్యం చాలలేదు.