‘రాలే’ అని రాసిన రోజులు

పెద్దపల్లి డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే జానకీబాయికి శనివారం అంటే కరీంనగర్ బస్సు. చేతిసంచిలో రెండు ఫ్లాపీలు, వాటికి తడి తగలకుండా చుట్టిన పాలకవరు, ఒక నీళ్ల సీసా. కరీంనగర్‌లో అప్పటికి ఇంటర్నెట్ ఉన్న దుకాణాలు ఒకటో రెండో. ఫోన్ లైన్ కలిసేదాకా స్టూలు మీద కూర్చుని, వారం రోజులు చేసిన పనిని అక్కడి నుంచి పంపి, చీకటి పడకముందే తిరిగి వచ్చేది. నలభై ఆరేళ్ల మనిషి, పెళ్లీ పిల్లలూ లేని మనిషి, వారం వారం ఎక్కడికి పోతోందో కాలేజీలో అందరికీ అనుమానమే గానీ నోరు తెరిచి అడిగినవాళ్లు లేరు. అడిగితే చెబుదామని ఆమెకు ఎంతో ఉండేది.

ఆమె చేస్తున్నది వానల లెక్కలు చూసే ఒక ప్యాకేజీ. కొన్ని ప్రోగ్రాములు, వాటిని ఎట్లా వాడాలో చెప్పే పేజీలు, వాడి చూసుకోవడానికి ఒక నిజమైన వాన లెక్క, అన్నీ కలిపి ఒక మూట. ఇట్లాంటి మూటలను దాచిపెట్టి ప్రపంచంలో ఎవరడిగితే వాళ్లకు ఉచితంగా ఇచ్చే భాండాగారం ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. దాన్ని చూసుకునేవాళ్లు జీతం లేకుండా పనిచేస్తారు. అయితేనేం, వచ్చిన ప్రతి మూటనూ విప్పి, దులిపి, చిన్న లోపం కనబడ్డా తిప్పి పంపుతారు. జానకీబాయి మూట నాలుగుసార్లు తిరిగొచ్చింది. ఒకసారి ఒక ఫైలు పేరులో పెద్దక్షరం పడ్డందుకు కూడా. వేరేవాళ్లయితే విసుక్కునేవాళ్లు. ఆమె మాత్రం లోలోపల సంతోషపడేది. తను రాసింది మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి ఎక్కడో ఒకడున్నాడు కదా!

1999 జూలైలో అయిదోసారి ఈ-మెయిల్లో జవాబు వచ్చింది. ప్రోగ్రాములన్నీ బాగున్నాయి. వాన లెక్కతోనే పేచీ. ‘మీ బోథ్ లెక్కలో 1981 ఆగస్టులో వరసగా పదిహేడు రోజులు సున్న ఉంది. ఆ రోజుల్లో చుట్టుపక్కల అన్నిచోట్లా కుండపోత. కారణం చెప్పండి, లేదా ఆ లెక్క తీసేయండి. సెప్టెంబరులోగా తేలకపోతే ఈ ప్యాకేజీని మేము తీసుకోలేము.’

ఆ లెక్క నాగయ్యది. ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో రెవెన్యూ ఆఫీసు ఆవరణలో వానకొలత గరాటు ఒకటి ఉంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు దానిలో పడ్డ నీళ్లను గాజు కొలపాత్రలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టరులో ఎక్కించడం అటెండరు నాగయ్య పని. జానకీబాయి బోథ్ జూనియర్ కాలేజీలో మూడేళ్లు పనిచేసినప్పుడు 1970 నుంచి ఉన్న ఆ రిజిస్టర్లన్నీ చేత్తో నోటుపుస్తకాల్లోకి ఎత్తి రాసుకుంది. బదిలీ అయ్యాక నాగయ్యే ఏటేటా లెక్కను ఇన్‌లాండ్ ఉత్తరాల్లో రాసి పంపేవాడు. ఆమె ఇంటికి వచ్చే ఉత్తరాలు అవే. “నాగన్నా, నీ లెక్క దేశదేశాలకు పంపుత, నీ పేరుతోనే పంపుత” అని అప్పుడెప్పుడో మాట ఇచ్చింది.

నోటుపుస్తకం తీసి చూసింది. పదిహేడు వరసల్లోనూ ‘రాలే’ అనే ఉంది. వాన రాలేదు, సున్న. అందులో తప్పేముంది? 1981ని కత్తిరించి పారేస్తే పని ఒక్క పూటలో అయిపోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఒక సాయంత్రం కత్తిరించింది కూడా. కానీ కత్తిరించడమంటే నాగయ్య అబద్ధం రాశాడని ఒప్పుకోవడమే. మర్నాడు మళ్లీ అతికించి, సెలవు చీటీ రాసి, బోథ్ బస్సెక్కింది.

నాగయ్య బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, కళ్లజోడు పెట్టుకుని, వేలితో వెతికి ఆ పేజీ దగ్గర ఆగాడు.

“ఇది వాన రాలే అని కాదు బాయీ. నేను రాలే అని.”

జానకీబాయికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. “రెంటికీ ఒక్కతీరే రాస్తే చూసేటోళ్లకు ఎట్ల తెలుస్తది నాగన్నా?”

“ఎందుకు తెల్వది? సంతకం చూడుండ్రి. వాన రానినాడు నేనైతే వచ్చిన, సంతకం పెట్టిన. నేనే రానినాడు సంతకం ఎట్ల పెడత?”

నిజమే. రిజిస్టరులో మూడో గడి ఒకటుంది. వాన రాని వేసవి రోజుల్లో కూడా ‘రాలే’ పక్కన వంకరగా ‘నాగయ్య’ అని సంతకం ఉంది. ఈ పదిహేడు వరసల్లో మాత్రం ఆ గడి ఖాళీ. ఎత్తి రాసుకునేటప్పుడు జానకీబాయి ఆ గడిని వదిలేసింది. లెక్కల మనిషికి సంతకాలతో పనేమిటనుకుంది.

“గన్ని రోజులు ఎందుకు రాలే?” అని అడిగింది.

“మా ఇంటామె లింగవ్వకు జరమచ్చింది. ఆదిలాబాద్ తీస్కపోదామని బండి కట్టిన. వాగు నిండ పోతుంది, దాటరాలే. రెండు దినాలు ఒడ్డు మీదనే కూసున్నం. మూడోనాడు పోయింది. దినాలన్ని అయినంకనే మళ్ల ఇటు వచ్చిన.” నాగయ్య కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “అందాజగ ఏదన్న రాద్దామా అనుకున్న. చూడనిది ఎట్ల రాస్త బాయీ? అందుకే రాలే అని రాసిన.”

నాగయ్యకు భార్య లేదని జానకీబాయికి తెలుసు. మూడేళ్లు రోజూ ఆయనతో మాట్లాడింది, ఆరేళ్లు ఆయన ఉత్తరాలు చదివింది. భార్య ఎప్పుడు పోయిందో ఎన్నడూ అడగలేదు. తననెవరూ ఏమీ అడగరని ఇన్నేళ్లు లోకం మీద అలిగిన మనిషి తను. ఆ మనిషే, వాగు పొంగించి లింగవ్వ దారి మూసిన వానకు సున్న అని వేసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

రెండు రోజులు అక్కడే ఉండి ఇరవై తొమ్మిదేళ్ల సంతకాలూ చూశారు. ‘రాలే’ దగ్గర ఆయన వేలు పెడితే ‘ఉంది’, ‘లేదు’ అని ఆమె రాసుకుంది. సంతకం లేనివి మొత్తం ఇరవై మూడు రోజులు. ఆ పదిహేడు పోను మిగిలినవి ఆరు. ఇరవై తొమ్మిదేళ్లలో ఆరు!

తిరిగొచ్చి ఆ ఇరవై మూడు చోట్ల సున్న తీసేసి ఖాళీ పెట్టింది. సహాయ పేజీలో ‘రాలే’ అన్న మాటకున్న రెండు అర్థాలూ వివరించి, కొలిచినవారు నాగయ్య, బోథ్, అని రాసింది. సెప్టెంబరు ఆఖరి శనివారం జవాబు వచ్చింది. రెండే ముక్కలు: ‘తీసుకున్నాం. ధన్యవాదాలు.’

దుకాణంలో పక్క కుర్చీల్లో ఎవరూ లేరు. ఎనిమిదేళ్ల పని ముగిసింది, చెప్పుకోవడానికి మనిషి లేడు. సోమవారం స్టాఫ్‌రూములో ఎకనామిక్స్ ఉపేందర్‌రావుతో తనంతట తనే చెప్పింది. ఆయన పేపరు మీంచి తల ఎత్తి, “మంచిదే మేడం. రేపు వాన పడుతదా మరి?” అని నవ్వి మళ్లీ పేపర్లో పడ్డాడు. జానకీబాయి కూడా నవ్వింది. ఆ రోజు ఇంటికి పోయి తాళం తీశాక వంట చేసుకోవాలనిపించలేదు.

బుధవారం బోథ్‌లో దిగింది. మర్నాడే నాగయ్య రిటైరు కావడం. ఆవరణలో గరాటు చుట్టూ గడ్డి పీకుతున్నాడు. ఆమె చెప్పిందంతా విని, “మరి గా పదిహేడు రోజులకు ఏం పెట్టిండ్రు?” అని అడిగాడు.

“ఖాళీ పెట్టిన. సున్న తీసేసిన.”

“మంచిగ చేసిండ్రు. సున్న అంటే ఏం కాలే అన్నట్టు ఉంటది.”

చేతి మట్టి దులుపుకుని, “ఇయ్యాలనే పోతరా? ఇంటికాడ ఎవరన్న ఎదురుచూస్తరా?” అన్నాడు.

“ఎవ్వరు చూడరు నాగన్నా.” ఆ మాట పైకి అనడం ఆమెకు అదే మొదటిసారి.

“గట్లయితే ఉండుండ్రి. మా బిడ్డ యాదవ్వ ఇంట్ల పండుకుందురు. పొద్దుగాల ఆఖరు కొలత.”

రాత్రి వాన పడింది. పొద్దున ఎనిమిదిన్నరకు నాగయ్య నీళ్లు కొలపాత్రలో పోసి, కంటికి ఎదురుగా పట్టుకుని చూసి, పద్నాలుగు పాయింట్ రెండు అన్నాడు. రిజిస్టరులో ఎక్కించాడు, సంతకం పెట్టాడు. తర్వాత రిజిస్టరును ఆమె వైపు తిప్పి పెన్ను ఇచ్చాడు.

“నేనెందుకు?”

“వచ్చిండ్రు కద బాయీ. పెట్టుండ్రి.”

మూడో గడిలో ఆయన పేరు పక్కన చోటు తక్కువే ఉంది. జానకీబాయి చిన్న అక్షరాలతో సంతకం పెట్టింది.