మూడో చెవి

తెక్కలకోట హంపయ్యకు మనుషులు ముఖాలతో గుర్తుండేవారు కాదు, వాళ్ల రైఫిళ్ల బోల్టులతో గుర్తుండేవారు. మిలిటరీ వర్క్‌షాపులో పదేళ్లు తుపాకులు బాగుచేసి వచ్చిన మనిషి. ఎవరింటికి పోయినా మంచినీళ్లకంటే ముందు రైఫిలు అడిగేవాడు. తూటా వెనక గడియలా బిగుసుకునే ఆ బోల్టును బయటికి లాగి, కళ్లు మూసుకొని, వేలితో తడిమి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు.

తుంగభద్ర కాలువ కింద వరి వేయడానికి గుంటూరు వైపు నుంచి వచ్చిన వెంకటరత్నానికి ఈ సంగతి తెలియదు. మొదటిసారి ఎదురుపడినప్పుడు హంపయ్య ఆయన్ను ఎగాదిగా చూశాడు.

"రెండు చెవులా, మూడా?"

వెంకటరత్నం తనకు తెలియకుండానే చెవులు తడుముకున్నాడు.

"నీకి గాదప్పా. నీ రైఫిలుకి."

బోల్టు ముందు కొసన అటూ ఇటూ పొడుచుకొచ్చిన ముక్కలను హంపయ్య చెవులనేవాడు. తూటా పేలినప్పుడు బోల్టు వెనక్కి తన్నుకురాకుండా పట్టి ఉంచేవి అవే. పద్దెనిమిది వందల తొంభై ఎనిమిదో సంవత్సరపు జర్మన్ మౌజరు రైఫిలుకు వెనకవైపు మూడో చెవి కూడా ఉంటుంది. ముందు రెండూ విరిగినా అది ఆపుతుంది. ఆ ఊరి రైతు గాళెప్పది అలాంటి రైఫిలు. హంపయ్య సంతలో గాళెప్ప భార్య దుర్గక్కను "మూడు చెవులామె గదా" అని పలకరిస్తే, ఆమె నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ ఏడు అడవిపందులు పొట్టమీదున్న వరిని దున్నేస్తుంటే వెంకటరత్నం లైసెన్సు తెచ్చుకొని, బళ్లారిలో ఒక పాత రైఫిలు కొన్నాడు. అసలైన తొంభై ఎనిమిదని టీ హోటల్లో అందరికీ చెప్పుకున్నాడు. ఆ సాయంత్రమే హంపయ్య ఇంటికొచ్చి బోల్టు లాగాడు.

"ఇది ముసలిదప్పా. రెండే చెవులు. ఎవరో దీనికి పెద్ద తూటా గొట్టం బిగించినారు. తట్టుకోదు."

"అమ్మినాయన తొంభై ఎనిమిదన్నాడండీ."

హంపయ్య బోల్టుకు కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాడు. ఒక చెవి మొదట్లో వెంట్రుకంత నల్లగీత తేలింది.

"ఉత్త గీతేనండీ అది."

హంపయ్య బోల్టును కోటు జేబులో వేసుకొని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వెంకటరత్నం ఆయన గుమ్మం ముందు నిలబడ్డాడు. "నా బోల్టు నాకిచ్చేయండి. అక్కడ పంట పోతోంది."

"ఇస్తా. పొలానికి పదప్పా."

పొలంలో హంపయ్య రైఫిలును బండిచక్రానికి కట్టేశాడు. ట్రిగ్గరుకు పొడుగాటి తాడు కట్టి, ఇద్దరూ పక్క గట్టు చాటున పడుకున్నారు. మొదటి తూటాకు ఏమీ కాలేదు. వెంకటరత్నం గర్వంగా చూశాడు. రెండోదీ బాగానే పేలింది. మూడోదానికి బోల్టు వెనక్కి లేచిపోయి, అవతలి మట్టిగట్టులో జానెడు లోతున దిగింది. గురిచూసే మనిషి ముఖం ఉండే ఎత్తు అది.

వెంకటరత్నం లేచి వెళ్లి, గట్టులో పడిన కన్నంలో వేలు పెట్టి చూశాడు. హంపయ్య ముక్కలన్నీ ఏరి తువ్వాలులో మూట కట్టాడు.

"మీ ఇంట్లో ఆయమ్మకు చెప్పొద్దు, బెదురుకుంటాది. కోతలయ్యేదాకా పందులకు నేను నా రైఫిలుతో వస్తాలే."

దారిలో హోటలు దగ్గర గాళెప్ప మూట చూశాడు. "ఏందప్పా అది? వెంకటరత్నంగారి తొంభై ఎనిమిదేనా?"

వెంకటరత్నం తల దించుకున్నాడు. అంతలో హంపయ్య అందుకున్నాడు.

"అదే. అసలైన మూడు చెవులది. బాగుచేస్తానని తీసకపోయి నేనే చెడగొట్టినా."

బోల్టు విషయంలో ఆయన చెయ్యి తప్పిందనే మాట అంతవరకు ఆ ఊళ్లో ఎవరూ వినలేదు.

"మొన్న బాగుచేయమని నీకిచ్చినానే నా రైఫిలు," అన్నాడు గాళెప్ప మెల్లగా, "సాయంత్రం వచ్చి తీసకపోతాలే."

హంపయ్య తలూపి టీ గ్లాసు అందుకున్నాడు. వెంకటరత్నం మాత్రం తాగకుండానే గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

"ఆయన చెప్పేది అబద్ధమండీ. నేనే మోసపోయాను. అది తొంభై మూడో ఎంతో, పాత నమూనా. రెండే చెవులు. ఈయన బోల్టు పట్టుకుపోకపోతే ఈపాటికి నా ముఖం ఉండేది కాదు."

అందరూ హంపయ్య వైపు తిరిగారు. ఆయన తల ఎత్తలేదు. టీ మూడు గుక్కలు తాగాడు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"తొంభై మూడు గాదప్పా, తొంభై ఐదు. తొంభై మూడుకు బోల్టు మొహం అడుగున చదునుగా ఉంటాది. దీనికి గుండ్రం."