లేట్ అంటే మళ్ల ఆడుడు

రాసుట్ల తప్పులుంటే ఏమనుకోకుండ్రి... నేను చదివింది ఐదో తరగతే. ఫోన్‌ల తెలుగు కొట్టుడు మా ఆయన నేర్పిండు.

మా చిన్నప్పుడు... పసుపు ఆరబెట్టే కల్లంలనే మా బ్యాడ్మింటన్. మాది వేల్పూర్ దిక్కు పల్లె. చిన్నాయిన దుబాయి నుంచి రెండు బ్యాట్లు, ఒక డబ్బ ఈకల కాక్‌లు తెచ్చిండు. ఆడేది నేను, మా రజితక్క.

నెట్ లేదు. రెండు గుంజలకు అమ్మ పాత చీర కట్టిండు చిన్నాయిన. పసుపు పాలిష్ పట్టినంక రాలే పొట్టుతో గీతలు పోసిండు. కాక్ గీత మీద పడ్డా లోపల పడ్డట్టే. సర్వీస్ నడుము కిందికెల్లి, ఎదురు మూలకు ఎయ్యాలె. ఇరవై ఒకటి కొడితే గెలిచినట్టు... ఇద్దరికీ ఇరవై అయితే మాత్రం రెండు పాయింట్లు ముందుండాలె.

ఇంకోటి, 'లేట్'. అవతలోళ్లు తయారుగ లేకముందే సర్వీస్ ఏసినా, నడుమల ట్రాక్టర్ వచ్చినా లేట్. ఆ పాయింట్ లెక్కకు రాదు, మళ్ల ఆడాలె. చిన్నాయిన గట్లనే చెప్పిండు, మేము గట్లనే నేర్సుకున్నం. ఓడిపోతున్నమంటే చాలు, ఇద్దరం లేట్ లేట్ అని కొట్లాడేది.

చీర మాకన్న ఎత్తుండె. అవతల అక్క మొఖం కనపడకపోయేది. చీర కింద పసుపంటిన కాళ్లు మాత్రం కనపడేటివి... ఆ కాళ్లు ఎటు తిరిగితే కాక్ అటు వస్తదని నాకు తెలుసు.

ఆ రోజు కాక్ పోయి గోనె సంచుల ఎనుక పడ్డది. అక్క చెయ్యి పెట్టి తీసింది. ముల్లు గుచ్చినట్టుంది అన్నది. చూద్దాం పట్టు అంటే, ఓడిపోతవని బయపడుతున్నవా అని నవ్వింది. ఆడుతనే ఉన్నం. ఇద్దరికీ ఇరవై అయింది.

నేను సర్వీస్ ఏసిన. చీర అవతల కాళ్లు కదలలే. కాక్ ఆ కాళ్ల దగ్గరనే పడ్డది.

"లేట్, చెల్లె... నేను తయారుగ లే" అన్నది అక్క.

మళ్ల ఎయ్యనీకి చెయ్యి లేపిన. చీర కింద మోకాళ్లు కనపడ్డయి... తర్వాత చేతులు.

సంచుల ఎనుక పాము ఉన్నదని అప్పుడు తెలిసింది. నాయిన బండి మీద అక్కను ఆర్మూర్ దవాఖానకు తీస్కపోయిండు. అమ్మ, నేను ఆటోల పోయినం. డాక్టర్ బయటికొచ్చి నాయినతోని, "జర లేట్ అయింది" అన్నడు.

నాకు మస్తు సంబురమైంది. "లేట్ అయితే మళ్ల ఆడుడే గదా నాయినా" అన్న.

నాయిన నా దిక్కు చూసిండు.

ఆ ఏడే నా బడి బందయింది. అమ్మ నన్ను కండ్ల ముందల్నుంచి పోనియ్యకపోయేది.

ఇప్పుడు ఆర్మూర్‌ల అత్తగారింట్ల ఉంటున్న. మొన్న సెలవులకు మా ఆడబిడ్డ కూతురు కొత్త బ్యాట్లు పట్కొని వచ్చింది. నిజం నెట్ కట్టింది. అవతల మనిషంతా కనపడుతది... నేనే నెట్ కిందికెల్లి కాళ్లు చూసుకుంట నిలవడ్డ. కాక్ వచ్చి నా ముందల పడ్డది.

లేట్ అన్న నేను.

పోరి పకపక నవ్వింది. "లేట్ కాదు అత్తా, లెట్. లెట్ అంటేనే మళ్ల ఆడుడు. లేట్ అంటే అయిపోయినట్టు."

ఇప్పటి పిల్లలు అన్నీ సరిగ్గ నేర్సుకుంటున్నరు. మంచిదే. కల్లాలు కూడ సిమెంటు కల్లాలైనయి, పొట్టుతో గీతలు పోసేటోళ్లు లేరు. కానీ మాపటికి మార్కెట్ యార్డు దిక్కు నుంచి పసుపు వాసన వస్తే, వాకిట్ల ఆరేసిన చీర కింది దిక్కు నా కండ్లు వాటంతట అవే పోతయి... ఇప్పటికీ.

మీరు గూడ చిన్నప్పుడు తప్పుగ నేర్సుకున్న మాట ఏదన్న ఉంటే కింద రాయుండ్రి.

మా ఊరోళ్లు ఎవరన్న చదివితే మాత్రం అమ్మకు చూపెట్టకుండ్రి. బస్సు ఆలస్యమైనా 'ఇంక రాలే' అంటది గని, ఆ మాట అనదు అమ్మ. ఇందుల నేను ఆ మాట చానాసార్లు రాసిన.