సుశీలమ్మక్క కొలిచిన గది

హిందూపురం బజారులో దుకాణదారు తివాచీ చుట్ట విప్పగానే కొత్త జనపనార వాసన, దాని అడుగున అంటించిన రబ్బరు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. మా అత్తగారికి మోకాళ్లు పట్టేసి, చలికాలం బండల మీద కాలు మోపలేకపోతోంది. ఆమె గదిలోకి ఒకటి కొందామని పోయాను. "ఏ సైజు కావల్లమ్మా?" అన్నాడతను. "ముందు ఆమె యాడ కాలు పెడ్తాదో చూసుకోని వస్తా" అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. నిజానికి ఆ మాట నాది కాదు, సుశీలమ్మక్కది.

తొంభైల చివర్లో పెనుకొండలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరినప్పుడు వాళ్లింట్లో వెనుక గది బాడుగకు తీసుకున్నాను. అక్క నర్సు. పల్లెలు తిరిగి పిల్లలకు సూదులు వేసి, పొద్దుగూకే వేళకు బస్సు దిగి వచ్చేది. వస్తూనే అరుగు మీద కూలబడి, బక్కెట్లో వేడినీళ్లు పోసుకొని పాదాలు ముంచుకునేది. ఆ కాసేపు ఆమెను ఎవరూ పలకరించకూడదని నాకు త్వరలోనే తెలిసింది. ఆ తర్వాత లేచి రెండో పని మొదలుపెట్టేది. ఆమె భర్త దేవదానం సారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. ఊళ్లో సగం మంది మగపిల్లలు ఆయన ఈల విని పరుగెత్తినవాళ్లే. నేను చేరే నాటికే ఆయనకు పక్షవాతం వచ్చి కుడికాలు ఈడుస్తుండేవాడు. మాట మాత్రం పోలేదు. స్నానం, తిండి, మందులు, నూనె మర్దన అన్నీ అక్క చేతుల మీదనే.

ఒక చలికాలం బండల చల్లదనానికి సారు కాలు కొయ్యబారిపోతోందని అక్క హిందూపురం నుంచి తివాచీ తెచ్చింది. ఎర్రది, పూల అంచుది. ఉతుక్కోవడానికి వీలుగా ఉంటుందని చిన్నదే కొన్నది. నడింట్లో పరిస్తే ఇల్లు కళకళలాడింది. నాలుగు రోజులు కూడా గడవలేదు, మంచం నుంచి కుర్చీ దగ్గరికి పోతూ సారు దాని అంచు తట్టుకొని పడిపోయాడు. చప్పుడుకు నేను పరుగెత్తాను. ఇద్దరం కలిసి లేపాం. ఎముకలు విరగలేదు గానీ మోచేయి బూరెలా వాచింది. అసలు దెబ్బ మనసుకు తగిలింది. మర్నాటి నుంచి ఆయన మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. అక్క బతిమాలింది, కోప్పడింది.

"నడవకపోతే ఉండే బలం కూడా పోతాది. నా మాటినండి."

"నన్నొదిలెయ్యి సుశీలా. ఇంక నాతో కాదు."

ఆ రోజు అరుగు మీద నీళ్లు చల్లారిపోయినా ఆమె పాదాలు తీయలేదు. "తప్పు ఆయన కాలుది కాదు పద్మా" అంది. "అంచుది. గదికి అందంగా ఉంటాదని యాడో నడిమధ్యలో పరిస్తి. ఆయన కాలు యాడ పడ్తాదో చూడకపోతి."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక సుద్దముక్క తీసుకొని నన్ను పిలిచింది. ఎంత తివాచీ కావాలో నేల మీద గీసి చూద్దామంది. మంచం ముందర వంగి ఒక గీత గీసింది, నేను ఇటువైపు ఇంకొకటి గీశాను. సారు గోడవైపే తిరిగి ఉన్నాడు. ఎప్పుడు ఇటు తిరిగాడో మేం చూడలేదు.

"ఏందా గీతలు? పాము పాకినట్ల ఉండాయి. కబడ్డీ కోర్టు అట్ల గీస్తే పిల్లోళ్లు నవ్విపోతారు."

అక్క తల ఎత్తలేదు. "మాకేం తెలుసు? మీరు చెప్పండి."

"దారం తీసుకోండి. చెరొక కొన పట్టుకోని బిగించి లాగండి. ఆ... అట్ల. మంచం ముందరి కాళ్లు గీత లోపలికి రావల్ల. కుర్చీ మొత్తం లోపలే ఉండల్ల. లేచేటప్పుడూ లోపలే, కూచునేటప్పుడూ లోపలే. గీత తొక్కితే అవుటే గదా! తలుపుకాడ జానెడు వదలండి, లేకుంటే తలుపు తీసినప్పుడల్లా అంచు లేస్తాది."

నేను గీసిన వైపు ఆయనకు నచ్చలేదు. "ఈ కాలు తిన్నగా రాదు, బయటికి తిరిగొస్తాది. ఆడికి చాలదు" అన్నాడు. "యాడికి చాలదు?" అంది అక్క. చెప్పి చెప్పి విసుగెత్తి, మంచం పట్టె పట్టుకొని కాళ్లు కిందికి దించాడు. ఆమె భుజం మీద చెయ్యేసి లేచి నిలబడి, కుడికాలు ఈడ్చి చూపించాడు. కాలు పడిన చోట అక్క సుద్దతో గుర్తు పెట్టింది. లేచి, మొహం అటు తిప్పుకొని, చేతులకు అంటిన సుద్ద చాలాసేపు దులుపుకుంది.

ఆ సైజుది ధర్మవరంలో దొరికింది. దుకాణదారు "ఏమక్కా, ఇంత పెద్దది ఆ గదికి ఎక్కువైతాది, మధ్యరకం తీసుకో" అని నచ్చజెప్పబోతే, ఆమె గది కొలతలకు ముడులేసి తెచ్చిన దారం తీసి నేల మీద పరిచింది. అంత పెద్దవాటిలో అతని దగ్గర మట్టిరంగుది ఒక్కటే ఉంది. అదే కొన్నాం. కండక్టరు సణుగుతుంటే బస్సులో చివరి సీటు కింద తోసి, పెనుకొండలో దిగాక ఇద్దరం చెరోవైపు ఎత్తుకొని, దారిపొడవునా ఆగుతూ ఇల్లు చేరాం. ఆ సాయంత్రం సారు మంచం నుంచి కుర్చీ దాకా నడిచాడు. మర్నాడు కుర్చీ నుంచి కిటికీ దాకా.

అద్భుతమేమీ జరగలేదు. ఆయన మళ్లీ గ్రౌండుకు పోలేదు, ఇంటి గడప దాటిందీ తక్కువే. ఆ గదిలోనే కొన్నేళ్లు నడిచాడు. తర్వాత ఒక వేసవిలో రెండోసారి పక్షవాతం వచ్చి పోయాడు.

అక్క రిటైరై బత్తలపల్లిలో చెల్లెలి దగ్గరికి పోయింది. పోయేముందు సామాన్లు సర్దడానికి సాయం పోయాను. "నువ్వెంత ధైర్యంగా నెట్టుకొస్తివక్కా" అన్నాను. ఆమె నవ్వలేదు.

"ధైర్యమేం కాదు మే. ఎవరడిగినా బాగుండామనే చెప్తి. ఒక్కనాడన్నా 'నేను అలిసిపోయినా, కొంచెం పట్టుకోండి' అని నోరు తెరిచి అడగలేదు. అడిగింటే నువ్వు రాకుంటివా?"

"వస్తుంటి అక్కా."

"అదే నేను చెప్పేది. నీకట్లాంటి రోజొస్తే నువ్వు అడుగు."

అట్లాంటి రోజు నాకూ వచ్చింది. రెండేళ్లుగా పగలు ఆఫీసు, ఇంటికొస్తే అత్తగారి పనులు. ఎవరడిగినా నేనూ బాగున్నామనే చెబుతూ వచ్చాను. నిన్న సాయంత్రం మా ఆయన చెప్పులు విడుస్తుండగానే గుమ్మం దగ్గర నిలబడి, "నేను అలిసిపోయినా. ఈ పొద్దు అమ్మకు నువ్వు అన్నం పెట్టు" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, చేతులు కడుక్కోవడానికి పోయాడు.