నా బిడ్డ అనని మాట

మా పెద్దమ్మాయి పోయిందని ఈ పత్రిక చదివే అక్కచెల్లెళ్లకు తెలుసు. మన చర్చి సంఘంలో ఆడవాళ్లు దేవుడు చేసిన మేలు గురించి చెప్పే సాక్ష్యాలు విని ఇందులో రాసింది ఆమే. నేను ఐదో తరగతితో ఆగినదాన్ని. తప్పులుంటే సర్దుకోండి.

ఆమెకొక పట్టు ఉండేది. ముత్తుకూరు అవ్వకు జబ్బు నయమైనప్పుడు, "'దేవుడే నన్ను లేపినాడు' అనిందంట, రాసుకో" అన్నాను.

"నువ్వు విన్నావామా?"

"వాళ్ల కోడలు చెప్పింది."

"అయితే కోడలు చెప్పిందనే రాస్తా."

"ఒక్క మాటకి ఇద్దరెందుకే?"

"చేతులు మారింది కదా. అవ్వ పులుసులో కోడలి ఉప్పో నీ ఉప్పో పడుంటే?" అని నవ్వింది. మరునాడు ఎండలో ముత్తుకూరు పోయి అవ్వనే అడిగి వచ్చింది. "మాత్రలు మింగినా, దేవుడు కూడా చూసినాడు" అన్నదట అవ్వ. అట్లాగే అచ్చు వేయించింది.

అలాంటి బిడ్డ మాటను నేనే చెడగొట్టాను.

ఆసుపత్రిలో ఆమె చివరి గడియలో నేను దగ్గర లేను, మందులకు కిందికి పోయాను. పక్కన ఉన్నది ఆమె స్నేహితురాలు. "'మా అమ్మ పొద్దున్నించి ఏం తిన్లేదు, ఇడ్లీ తినిపించు' అనిందత్తా" అని ఆ పిల్ల తర్వాత నాకు చెప్పింది. జ్ఞాపకార్థ కూటంలో లేచి నిలబడ్డప్పుడు నా నోటికి ఇడ్లీ రాలేదు. "'అమ్మా, దుఃఖింపవద్దు, ప్రభువు సన్నిధికి వెళ్లుచున్నాను' అని నా చెయ్యి పట్టుకొని చెప్పింది" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

భోజనాల దగ్గర ఆ పిల్ల మెల్లగా, "అట్ట అన్లేదు కదత్తా" అంది. నలుగురూ చూస్తున్నారు. "నీకు సరిగ్గా వినపడలేదులే" అన్నాను. ఆ పిల్ల విస్తరి ముందు నుంచి లేచిపోయింది. ఆ తర్వాత అందరూ ఆ పిల్లనే అబద్ధాలకోరన్నారు. నేను విని కూడా నోరు మెదపలేదు.

మొన్న తోటపల్లి గూడూరులో ఆ పిల్ల ఇంటికి పోయాను. రొయ్యలు ఒలుస్తూ ఉంది. తలెత్తలేదు.

"ఇడ్లీ అంటే నామర్దా అయిందా అత్తా?"

"అయింది. ఇప్పుడు నా మీద నాకే రోతగా ఉంది. నువ్వు చెప్పింది చెప్పినట్టు పత్రికలో రాస్తా."

కనుక అక్కలారా, ఇడ్లీ మాటే నా బిడ్డది. నేను వినలేదు, ఆమె స్నేహితురాలు విని చెప్పింది. ప్రభువు సన్నిధి మాట నాది.

ఆ రోజు ఆ పిల్ల ఇంట్లో లేవబోతూ అడిగాను, "ఇంకేమన్నా అనిందా?"

"ఏందో అనింది. గొంతు రాలా."

"నీకేమనిపించిందో చెప్పు."

"అనిపించింది ఎట్ట చెప్పేదత్తా? పెదాలు కదిలింది మాత్రం చూసినా."

"అదే చూపించు."

చేతులు కొంగుకు తుడుచుకొని నా ఎదురుగా కూర్చుంది. చప్పుడు లేకుండా పెదాలు మెల్లగా కలిపి, విడదీసి, మళ్లీ కలిపింది. నేను చూసింది అంతే; అది ఏ మాటో మాత్రం ఊహించి రాయను.