స్నానాలగదిలో శాటిలైట్ రేడియో

ఆ రోజుల్లో పాట గాలిలోంచి ఊరికే వస్తుందని లోకమంతా నమ్మేది. నేను మాత్రం దానికి చందా కట్టించేవాణ్ణి. విజయవాడ నుంచి కొత్తగా కువైట్ వచ్చి, దజీజ్‌లో ఒక షోరూములో శాటిలైట్ రేడియోలు అమ్మే పనిలో చేరాను. చిన్న పెట్టె, దానికి పుస్తకమంత యాంటెన్నా. దాన్ని ఆకాశంలో ఉన్న ఉపగ్రహం వైపు సరిగ్గా తిప్పి పెడితే ప్రకటనలు లేకుండా రోజంతా తెలుగు పాటలే. పాటకు చందా ఏమిటని అడిగేవాళ్ళే గాని కొనేవాళ్ళు లేరు. మా మలయాళీ మేనేజరు పొద్దున్నే, "యల్లా, ఈ నెలా అమ్మకపోతే ఖలాస్" అని దీవించి పంపేవాడు. (ఖలాస్ అయ్యేది పెట్టెలు కాదు, నేను.)

అప్పుడు దొరికాడు రాయచోటి మామ. రిగ్గైలో మరి నలుగురితో ఒకే గదిలో ఉండే వ్యాను డ్రైవరు. వయసులో పెద్దవాడని అందరూ మామా అనే పిలిచేవారు. నేను చెప్పిందంతా ఓపికగా విని, "పెట్టె తీసుకుంటా గానీ సామీ, మా ఇంటామె అందులో మాట్లాడల్ల. నేను ఇనల్ల. అప్పుడే బేరం" అన్నాడు. శుక్రవారం శ్రోతలు ఫోన్ చేసే కార్యక్రమం ఒకటుండేది. అది మా నాయన స్టూడియో అయినట్టు సరేనని, ఆమె ఫోన్ చెయ్యాల్సిన నంబరు రాసిచ్చాను.

శుక్రవారం పెట్టె పట్టుకుని వెళ్తే గదికి ఆకాశమే లేదు. కిటికీ తీస్తే ఎదురు బిల్డింగు గోడ. మా ఉపగ్రహం నైరుతిలో ఉండేది (బరువు నైరుతిలోనే ఉండాలని మామ వాస్తు ప్రకారం మెచ్చుకున్నాడు). ఆ దిక్కున ఆకాశం కనిపించేది ఒక్క స్నానాలగది కిటికీలోంచే. యాంటెన్నా అక్కడ పెట్టి, వైరు గదిలోని పెట్టెదాకా లాగగానే పాట మోగింది. వారానికొక్క సెలవు, అందరూ తీరిగ్గా తలంటుకునే రోజు. కార్యక్రమం అయ్యేదాకా ఎవరూ లోపలికి పోగూడదని మామ ఆజ్ఞ.

ఈలోగా భోజనం పెట్టారు. రాగి సంగటి, కోడి పులుసు. కృష్ణా జిల్లా కడుపుకి ఆ కారం కొత్త. మొహమాటపడి మూడోసారీ వడ్డించుకున్నాను. కార్యక్రమం మొదలైంది. నా కడుపులోనూ ఏదో మొదలైంది. ఎంత బిగబట్టినా లాభం లేక, చెమటలు కక్కుతూ ఆ నిషిద్ధ ప్రదేశంలోకే దూరి తలుపు వేసుకున్నాను. కంగారులో మోచెయ్యి తగిలి యాంటెన్నా పడింది. పాట ఆగిపోయింది.

"సామీ, ఏం జేసినావు?" బయటినుంచి మామ గొంతు.

యాంటెన్నా అందుకుని, కూర్చున్నచోటినుంచే కిటికీ వైపు చెయ్యెత్తి పట్టుకున్నాను.

"ఇంగొంచెం పైకి. ఆ, అట్నే. కదలాకు."

కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కింది. అప్పుడే యాంకరమ్మ, "రాయచోటి నుంచి ఎవరమ్మా, ఏ పాట కావాలి?" అంది. బెరుకుగా ఒక ఆడగొంతు. "పాట వద్దులేమ్మా. మా ఆయన కువైట్‌లో ఈ రేడియో ఇంటా ఉంటాడు. ఫోన్లో ఎప్పుడూ నువ్వు బాగుండావా అని నన్నే అడగతాడు, ఆయన సంగతి చెప్పడు. ఏళకు తింటాండాడా, లేదా? అది చెప్పమను."

నేను తలుపు తీసుకుని వచ్చేసరికి మామ గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. "తింటాండానే," అన్నాడు పెట్టెతో. ఎవరూ నవ్వలేదు. అక్కడే బేరం కుదిరింది. మేనేజరు నా భుజం తట్టాడు. ఎలా అమ్మానో మాత్రం చెప్పలేదు.

కొన్నేళ్ళకు ఆ కంపెనీయే మూతపడింది. ఆకాశం నుంచి పాట దించే ఖర్చుకి చందాలు చాల్లేదట. నేను అమ్మిన పెట్టెలన్నీ మూగబోయాయి. సిగ్గుపడుతూ మామకు ఫోన్ చేస్తే, "పోనీలే సామీ, మా ఇంటామె గొంతు చుక్కల్దాకా పొయ్యి వచ్చె. ఇంగేం పాడల్ల అది?" అన్నాడు.

ఇప్పుడు లోకంలోని పాటలన్నీ ఫోనులోనే మోగుతున్నాయి. వాటికోసం ఎవరూ చెయ్యెత్తి పట్టుకోనక్కర్లేదు. ఆ శుక్రవారపు కుర్రవాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. అంత ఇబ్బందిలోనూ వాడు చెయ్యి దించలేదు.